ఎండాకాలపు చేను

మఠం చేనులో కొర్ర మూడో ఏడు కూడా దెబ్బతినేసరికి ఓబులేశుకు అన్నం సయించడం మానేసింది.

చేను అతని సొంతం కాదు. నల్లగుట్ట కింద పరదేశిస్వామి మఠం ఉంది, ఆ మఠానిది. మఠమంటే గోపురాలూ గంటలూ ఏమీ లేవు, రెండు గదులూ ఒక వంటకొట్టమూ. దారిన పోయేవాళ్ళు ఎవరొచ్చినా రెండు పూటలా కూడు పెట్టేవాళ్ళు. ఆ కూడు ఆ చేనులోనే పండాలి. చందాల జోలికి స్వామి ఎన్నడూ పోలేదు.

ఓబులేశు వ్యవసాయ పరిశోధకుడు. చదువుకునే రోజుల్లో మెట్టనేలల సంగతి తేలుద్దామని ఈ పక్కకు వచ్చి, ఉండడానికి చోటు దొరక్క మఠంలో దిగాడు. దిగినవాడు స్వామి దగ్గర కూర్చోవడం మరిగాడు. ఆయన పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. అయినా పక్కన కూర్చుంటే మనసు కుదుటపడేది. ఆ ఏడే ఉపదేశం తీసుకుని శిష్యుడయ్యాడు. తర్వాత పట్నంలో పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చినా, తొలకరికి ఇక్కడ వాలేవాడు, నూర్పిళ్ళు కాగానే వెళ్ళేవాడు.

అతనికి పేరు తెచ్చిపెట్టింది ఆ చేనే. బస్తా ఎరువు కొన్నది లేదు, బండెడు పేడ తోలింది లేదు, అయినా ఏటా కంకులు బరువుకు వంగిపోయేవి. కొర్రలో కంది కలిపి చల్లుతారు, కోశాక కొయ్యకాళ్ళు నేలలోనే దున్నేస్తారు, అందుకే ఈ నేల తన తిండి తానే సంపాదించుకుంటోందని ఓబులేశు రాశాడు. పెద్దపెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. సభల్లో శాలువాలు కప్పారు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కూడా చేను చూసిపోయి, అతని మాట నమ్మి అలాగే వేసుకున్నారు.

ఆ పేరు మీదే రెండో పని చేతికొచ్చింది. ఈ ఊళ్ళ భూమిలో దేన్ని ఎట్లా వాడితే పచ్చదనమూ పెరుగుతుందో, జనానికి నాలుగు రూకలూ వస్తాయో తేల్చి రాసి పంపమన్నారు పైవాళ్ళు. నల్లగుట్ట మీద చెట్లు పెట్టించమని ఓబులేశు చెప్పాడు. ఒక కంపెనీ ముందుకొచ్చింది. గుట్ట చుట్టూ ముళ్ళకంచె వేసి మొక్కలు నాటారు. మొక్కలు బతికాయి, అబద్ధమెందుకు చెప్పాలి. ఇప్పుడు కింది నుంచి చూస్తే గుట్ట కంటికి నిండుగా ఉంటుంది. కంపెనీ నుంచి పంచాయతీకి ఏటా డబ్బు వస్తోంది.

అంతా బాగానే ఉంది. చేనే మొండికేసింది.

విత్తనం అదే, వాన అదే, దున్నే చేతులూ అవే. కొర్ర మాత్రం మోకాలెత్తు దాటకుండానే పసుపు తిరిగేది. మొదటి ఏడు తెగులనుకున్నాడు. మరుసటి ఏడు విత్తనం మార్చాడు. మూడో ఏడు మట్టి తవ్వి డబ్బాల్లో పోసి పట్నం పంపాడు. నేలలో సత్తువ పోయిందని జవాబొచ్చింది. ఆ మాట చెప్పడానికి డబ్బాలెందుకు, చూసేవాడికి కనబడుతూనే ఉంది. ఎందుకు పోయిందో చెప్పే నాథుడే లేడు. అతన్ని నమ్మిన రైతుల చేలూ అదే దారి పట్టాయి. కనబడితే ఆగి పలకరించేవాళ్ళు ఇప్పుడు తల తిప్పుకుని పోతున్నారు.

అన్నిటికంటే అతని గుండెను కోసింది మఠం పొయ్యి. ఒక పూటే వెలుగుతోంది. వచ్చినవాళ్ళకు పెట్టేసి స్వామి గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటున్నాడని వంట చేసే సుంకమ్మ చెప్పింది. ఆయన చేతులు చూస్తే ఓబులేశుకు ఏడుపొచ్చింది. ఎముకల మీద చర్మం కప్పినట్టున్నాయి. ఇంకో పంట ఇట్లాగే పోతే ఆ పొయ్యి ఇక వెలగదు, ఈ మనిషీ ఉండడు.

ఆ సాయంత్రం వెళ్ళి స్వామి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నాకు తెలిసిందంతా చేశాను స్వామీ. నా చేతులు దాటిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో మీకైనా తెలుసా?"

చిత్రమేమిటంటే, ఇన్నాళ్ళూ మట్టిని అడిగాడు, విత్తనాన్ని అడిగాడు, పట్నాన్ని అడిగాడు గానీ స్వామిని అడగడం ఇదే మొదలు.

స్వామి, "ఈసారి నూర్పిడి కాగానే పోవద్దు నాయనా. ఎండాకాలం ఇక్కడే ఉండు," అన్నాడు.

ఎండాకాలం చేనులో ఏముంటుంది? ఓబులేశుకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ఎండాకాలం కూడా అతను ఇక్కడ లేడు. గింజలు తూచి, రాసుకోవాల్సింది రాసుకుని పట్నం పోయి, ఫ్యాను కింద కూర్చుని దాన్ని పేజీలుగా పెంచేవాడు. మళ్ళీ వచ్చేసరికి చేను దున్ని సిద్ధంగా ఉండేది. బీడుపడ్డ నేలను చూస్తూ ఎవరు కూర్చుంటారు? అయినా గురువు మాట. కేంద్రానికి సెలవు పెట్టి ఉండిపోయాడు.

ఎండలు ముదిరాయి. పగలంతా గదిలో ఒగురుస్తూ పడుకోవడం, సాయంత్రం చేను గట్టున తిరగడం, ఇదే పని. నేల నెర్రెలు విచ్చి ఎర్రగా పడి ఉంది. అందులో చూడడానికి ఏముందో అతనికి తెలియలేదు. స్వామిని అడిగితే ఉండు నాయనా అనేవాడు. ఆకలికి ముసలాయన బుద్ధి కాస్త చెదిరిందేమోనని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు తనే లెంపలేసుకున్నాడు.

ఉగాది పోయాక ఒక రోజు స్వామి పొద్దున్నే వంటకొట్టంలోకి వెళ్ళి, పెద్ద దబర పొయ్యెక్కించమన్నాడు. పిండి అడుగంటిందని సుంకమ్మ గుర్తుచేసింది. అయినా ఎక్కించమన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. సంగటికి ఎసరు పెట్టడానికి ఈమె ఎందుకు ఏడుస్తోందో ఓబులేశుకు బోధపడలేదు.

తర్వాత స్వామి చేనులోకి దిగాడు. వంగి ముళ్ళూ కంపా ఏరి గట్టున పడేయడం మొదలుపెట్టాడు. ఆ ఎండలో ఆయన్ని ఒక్కణ్ణీ ఎట్లా వదిలేస్తాడు, ఓబులేశూ దిగాడు. ఎవరొస్తున్నారని అడిగితే, ఏటా వచ్చేవాళ్ళేనని చెప్పాడు స్వామి. గట్టు పక్కన రాతితొట్టి ఒకటి ఉంది. వానాకాలంలో అందులో కప్పలు అరుస్తుంటే విన్నాడే గానీ, అది అక్కడ ఎందుకుందో ఓబులేశు ఏనాడూ ఆలోచించలేదు. బావిలో అడుగున ఉన్న నీళ్ళు తోడి ఆ తొట్టి నింపమన్నాడు స్వామి. బిందెల మీద బిందెలు మోసి నింపాడు.

పొద్దు గుట్ట మీదికి వాలే వేళకు సంగటి దబర చేనులోకి తెచ్చుకుని, ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుచూశారు. దారిలో ఎవరూ రాలేదు. సంగటి మీద ఆవిరి తగ్గిపోయింది. స్వామి మాత్రం గుట్ట వైపే చూస్తున్నాడు.

అప్పుడు గుట్ట దిగి ఒక మనిషి వచ్చాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, భుజాన గొంగడి, చేతిలో కర్ర. దగ్గరికొచ్చాక ఓబులేశు గుర్తుపట్టాడు. కంచె గేటు దగ్గర కావలి ఉండే కాటమయ్య. ఊరి మనిషికే ఆ పని ఇవ్వాలని కంపెనీతో పట్టుబట్టింది ఓబులేశే. ఆ సంగతి నలుగురి దగ్గరా గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

కాటమయ్య గట్టు మీద చెప్పులు విడిచాడు. నిండుగా ఉన్న తొట్టిని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎందుకు సామీ ఇదంతా," అన్నాడు. "మంద లేదు గదా."

"తెలుసప్పా. రా, తిను."

కాటమయ్య వచ్చి గొంతుక్కూర్చున్నాడు. స్వామి తన చేత్తో ముద్ద తీసి ఆకులో పెట్టాడు. పెట్టి, మంద ఎట్లా కట్టేవాళ్ళో ఈ అబ్బాయికి చెప్పమన్నాడు.

కాటమయ్య చెప్పాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ గొర్రెలు పగలంతా నల్లగుట్ట మీద మేసేవి. ఎండాకాలం చేలు ఖాళీ కాగానే చీకటిపడే వేళకు కిందికి దిగి, ఒక్కో చేనులో కొన్ని రాత్రులు పడుకునేవి. వాటి పెంటికలూ ఉచ్చా ఆ నేలకే. మొదటి రాత్రి ఎప్పుడూ మఠం చేనే, ఇదే రోజు. తెల్లారి మంద లేచిపోయాక దున్నేసేవాళ్ళు. బదులుగా రైతులు కూడూ గింజలూ ఇచ్చేవాళ్ళు. చెబుతూ చెబుతూ అతను ఎరువు సంగతి మరిచిపోయి గొర్రెల సంగతిలో పడ్డాడు. కుంటిది ఒకటి ఉండేదట, ఎంత తోలినా అదిగో ఆ మూలకే పోయి పడుకునేదట, దాని వెనకాల పిల్లలన్నీ అక్కడే చేరేవట.

ఓబులేశు ఆ మూలకు చూశాడు. కొర్ర అక్కడ ఎప్పుడూ మనిషి నడుముకు తగిలేది. ఎందుకో తేలక, గాలివాటం వల్ల కావచ్చని రాశాడు.

కంచె వేస్తారని తెలిసినప్పుడు కాటమయ్య ఊళ్ళో రైతులందరి దగ్గరికీ తిరిగాడట. మంద పోతే మీ చేలకూ కష్టమేనని మొత్తుకున్నాడట. నేల తన తిండి తానే సంపాదించుకుంటుందని సారు రాశాడు కదా, ఇంక మందతో ఏం పని అన్నారట వాళ్ళు. ఒక ఏడు రోడ్ల వెంబడి మేపుకున్నాడు. కొన్ని లారీల కింద పడ్డాయి. కొన్ని చెత్త తిని చచ్చాయి. మిగిలినవాటిని సంతలో కటికవాళ్ళకు తోలేశాడు. కుంటిదాన్ని ఎవరూ బేరమాడలేదట. ఊరికే ఇచ్చేసి వెనక్కి చూడకుండా వచ్చానని చెప్పి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"కావలి పని సారే ఇప్పించినారు సామీ," అన్నాడు తర్వాత. "జీతం టయానికి వస్తాది. సారుకు పుణ్యముంటాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఓబులేశుకు. ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

కాటమయ్య సగం తిని చేయి కడుక్కున్నాడు. కంచె కాడ నిద్ర పట్టదని, ఈ ఒక్క రాత్రీ ఇక్కడే పడుకుంటానని స్వామికి చెప్పి, చేను నడుమకు నడిచాడు. పోతూ పోతూ అలవాటుకొద్దీ నోటితో మందను అదిలించే చప్పుడు చేశాడు. చేసి ఆగిపోయాడు. తర్వాత గొంగడి పరుచుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒక్కడే పడుకున్నాడు.

తనకు పేరు తెచ్చిన చేనుకు తిండి పెట్టింది ఆ మంద. మందకు మేత పెట్టింది ఆ గుట్ట. ఆ గుట్టకు కంచె వేయించింది తను. మంద వచ్చే కాలంలో తను ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఓబులేశుకు దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని స్వామి వైపు తిరిగాడు.

"గుట్ట గురించి రాసింది పైకి పంపే ముందు మీకే చదివి వినిపించాను కదా స్వామీ. అప్పుడే వద్దని ఒక్క మాట ఎందుకు అనలేదు?"

స్వామి చల్లారిన సంగటి మీద ఆకు కప్పాడు.

"అందులో మన గుట్ట పేరు లేదు నాయనా, ఏదో సర్వే నంబరుంది. ఎవరికీ పనికిరాని నేల అని చదివినావు. పాపం, ఏ ఊరిదో అనుకున్నాను."