గున్నయ్య ఊదిన పై షడ్జమం

ఏది ముందో ఏది వెనకో ఈమధ్య నాకు తారుమారవుతోంది. ఎక్కడైనా తడబడితే, పిల్లలూ, మీరే సర్దుకోండి.

విజయనగరం దగ్గర ఒక నాటక సమాజంలో, తన వాయిద్యాన్ని తప్ప మరొకరిది మెచ్చుకోలేని గున్నయ్య అనే క్లారినెట్ విద్వాంసుడు ఉండేవాడు. నటుడు పద్యం చివర రాగం తీసి పై షడ్జమం మీద, అంటే పైస్థాయి 'స' మీద, నిలబడితే గున్నయ్య అక్కడ అందుకుని ఊదేవాడు. జనం "వన్స్‌మోర్" అని కేకలు వేసేవారు. ఆ కేకలో సగం తనదేనని ఆయన నమ్మకం.

ఆ సమాజంలోకి పైడితల్లి అనే అమ్మాయి కీబోర్డుతో వచ్చింది. ఒక మీట నొక్కితే వీణ, ఇంకోటి నొక్కితే వేణువు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. గున్నయ్య ఓర్వలేకపోయాడు.

"అందరి గొంతూ అరువు తెచ్చుకున్నదానికి సొంత గొంతు ఉండదు!" అని ఈసడించాడు.

"నిజమే బాబాయ్, దీనికి విన్నది అప్పజెప్పడమే వచ్చు," అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు ఆయనకు మరీ మంట.

ఇంతలో గున్నయ్యకు ముందుపన్ను కదిలింది. తీయించుకోక తప్పేట్టు లేదు. ఇక చీపురుపల్లిలో ఆడబోయే నాటకానికి ఊదలేడు. పైడితల్లి మైకు పట్టుకుని ఇంటికి వచ్చింది.

"పన్ను తీయించుకునేలోగా ఒక్కో స్వరం ఊది ఇవ్వండి బాబాయ్. ఊపిరి తగిలే మొదలు, నిలబడే నడుమ, సన్నగిల్లే చివర, అన్నీ నా కీబోర్డు పెట్టెలోకి ఎక్కించుకుంటాను. మీట నొక్కితే మీరే పలుకుతారు."

'నా గొంతు కూడా దోచుకుని నన్ను ఇంట్లో కూర్చోబెడుతుందన్నమాట' అనుకున్నాడు గున్నయ్య. మిగిలిన స్వరాలన్నీ శుద్ధంగా ఊదాడు. పై షడ్జమం దగ్గర మాత్రం పెదవి కావాలనే వదులు చేశాడు. స్వరం కాస్త దిగజారింది.

పైడితల్లి ఒక్క క్షణం తలెత్తి చూసింది. దండం పెట్టి వెళ్లింది.

నాటకం రోజున గున్నయ్య బుగ్గకు తువ్వాలు చుట్టుకుని జనంలో కూర్చున్నాడు. పెట్టె పరువు పోవడం కళ్లారా చూడాలని వచ్చాడు. తెర లేవకముందు పైడితల్లి మైకు అందుకుంది.

"ఈ రోజు మీరు వినబోయే క్లారినెట్ మా గున్నయ్య బాబాయ్‌ది. ఆయన ఊపిరే ఇందులో ఉంది."

చప్పట్లు మోగాయి. గున్నయ్య తువ్వాలును ముఖం మీదికి లాక్కున్నాడు.

దుర్యోధన వేషధారి పద్యం ఎత్తుకున్నాడు. రాగం పైకి పాకింది. ఆయన షడ్జమం మీద నిలబడగానే పైడితల్లి మీట నొక్కింది. పక్కన వచ్చి పడిన అపస్వరానికి ఆయన శ్రుతి తప్పి, గద దించేశాడు.

"గున్నయ్య పనైపోయిందిరా!" అన్నాడు వెనక ఎవరో. "పన్నుతోపాటు శ్రుతి కూడా ఊడింది!"

జనం గొల్లుమన్నారు. పెట్టెను ఒక్కరూ తిట్టలేదు.

విరామంలో గున్నయ్య తెర వెనక్కి వెళ్లాడు. "ఆ స్వరం దిగిందని నీకు తెలియలేదా?" అన్నాడు.

"తెలిసింది బాబాయ్. దిద్దడం చిటికెలో పని," అంది పైడితల్లి కళ్లు తుడుచుకుంటూ. "మీరు ఊదిన స్వరాన్ని నేను దిద్దడమేమిటి? నాకు అందని మర్మం ఏదో ఉందనుకుని అలాగే ఉంచాను."

గున్నయ్య తల దించుకున్నాడు.

"దిద్దెయ్ తల్లీ. అది మర్మం కాదు, నా కుళ్లు."

తర్వాత మైకు దగ్గరకు వెళ్లి, బోసి పలుకులతోనే, ఆ మాట జనానికీ చెప్పాడు. రెండో అంకంలో పై షడ్జమం నిఖార్సుగా పలికింది. ఊదింది గున్నయ్య, దిద్దింది పైడితల్లి.

ఎదుటివారిని చెడగొట్టాలని అసూయతో ఊదిన అపస్వరం, మన పేరుతోనే లోకానికి వినిపిస్తుంది.

సుగుణా, ఆయన గున్నయ్యో గురన్నో, మీ నాన్నను అడిగి పేర్లు ఒకసారి సరిచూడమ్మా.