గొర్రె వదిలేసిన గడ్డి

నరహరి లెక్క ఎక్కడా తప్పలేదు. వాడి ఏడుపంతా అదే.

వాడు గొర్రెల పరిశోధనా కేంద్రంలో అశ్వత్థప్పగారి శిష్యుడు. కొండమీద మేసే గొర్రెలకు అక్కడి గడ్డి ఏపాటి ఒంటికి పడుతోందో తేల్చే పని గురువుగారు వాడికి అప్పజెప్పారు. ఆ కొండను రాళ్ల క్వారీకి ఇవ్వచ్చా అని పైవాళ్లు అడుగుతున్నారు మరి. గడ్డిలో పస లేదని తేలితే కొండ చుట్టూ కంచె పడుతుంది. అక్కడ మేపుకునే మాళింగప్ప తన మందను ఎక్కడికి తోలుకుపోవాలో దేవుడికే తెలియాలి.

బయట తిరిగి మేసే గొర్రె ఎంత తిన్నదో తూచలేం కదా. దానికో ఉపాయం ఉంది. గడ్డిలో కడుపు అరిగించుకోలేని పదార్థం ఒకటి ఉంటుంది. మిగతా గడ్డి అరిగి ఒంట్లోకి పోయేకొద్దీ అది మాత్రం అలాగే మిగిలి పెంటికల్లో చిక్కబడుతుంది. ఎంత చిక్కబడితే గడ్డి అంత బాగా అరిగినట్టు.

నరహరి కొడవలి పట్టుకుని కొండంతా తిరిగాడు. పక్షపాతం చూపకూడదని, ఎదురైన గడ్డినల్లా మొదలంటా కోసి, ఎండబెట్టి, కలిపి పొడి కొట్టాడు. పెంటికలూ ఏరుకొచ్చాడు. రెండూ పరీక్షిస్తే ఏముంది, ఆ పదార్థం పెంటికల్లో కంటే గడ్డిలోనే ఎక్కువ తేలింది.

అంటే గొర్రెలు తిన్నదానికంటే వేసేదే ఎక్కువన్నమాట. ఇంకేం, ఎరువుల ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చు.

మళ్లీ చేశాడు. మళ్లీ అదే. కాగితాలు పట్టుకుని పొద్దున్నే గురువుగారింటికి పరుగెత్తాడు.

"సార్, ఆ గడ్డిలో ఏమీ లేదు. పనికిరాదని రాసేస్తాను."

"గొర్రెలు చూస్తే నిగనిగలాడుతున్నాయే," అన్నారు అశ్వత్థప్పగారు.

"నా లెక్కలో తప్పు లేదు సార్. ఆ గొర్రెల్లోనే ఏదో తేడా ఉంది."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. లోపలికెళ్లి ప్లేటు నిండా ఉప్మా తెచ్చి వాడి ముందు పెట్టారు. నరహరి వాదిస్తూనే తిన్నాడు, తింటూనే వాదించాడు. నోటికి విరామం లేదు పాపం.

"ఏం తిన్నావబ్బీ?" అన్నారాయన.

"ఉప్మా సార్."

"నేను పెట్టిందంతా తిన్నావా?"

"అంతా తిన్నాను సార్."

ఆయన వాడి ప్లేటు అంచున ఉన్న కరివేపాకు, పచ్చిమిరపకాయ ముక్కలు, అల్లం ముక్కలు పోగుచేసి వాడి చేతిలో పెట్టి, గుప్పిట మూశారు. తర్వాత ప్లేటు కడగడానికి వెళ్లిపోయారు.

నరహరి గుప్పిట తెరిచి చూసుకున్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా కొండకేసి పరుగు తీశాడు.

మాళింగప్ప మందలో ఒక గొర్రె పక్కన మోకాళ్లమీద వంగాడు. అది ఎండుకాడలను ముట్టుకోనే లేదు. వాటి సందుల్లోకి మూతి దూర్చి లేతాకు కొరికింది. వాడూ అలాంటి ఆకే గిల్లి సంచిలో వేసుకున్నాడు. ముళ్లపొద కింద ఏదో తీగ చివర్లు పీకింది. వాడూ అవే పీకాడు. మోచేతులు గీరుకుపోతున్నా వాడికి పట్టలేనంత హుషారు. ఇంత రుచి తెలిసిన జంతువులోనా తాను తేడా ఉందన్నది.

"మీ ఇంట్లో కూరకేం లేదా సారూ?" అన్నాడు మాళింగప్ప.

"ఉండు పెద్దాయనా, తొందరపెట్టకు. అది బెదురుతుంది," అన్నాడు నరహరి.

మందలో ఒక్కో గొర్రె వెంటా పడి అలాగే గిల్లాడు. సంచి నిండింది. గిల్లిన ఆకులను ఎండబెట్టి ప్రయోగశాలలో పరీక్షించాడు. ఎండుకాడల్లో మెండుగా ఉండే ఆ పదార్థం వీటిలో చాలా తక్కువ. పెంటికల్లో దానికి రెట్టింపు పైనే. లెక్క కట్టి, కాగితం పట్టుకుని బయటికి పరుగెత్తాడు. కాసేపటికి సంతోషం ఆపుకోలేక మెట్లన్నీ దూకుతూ గురువుగారి గదికి పోయాడు.

"సగానికి పైనే అరుగుతోంది సార్! కొండ మేపుకే ఉండాలని రాస్తాను."

అశ్వత్థప్పగారు కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మాళింగప్పకు చెప్పావా?"

"ముందు అక్కడికే పోయాను సార్. నన్ను ఎత్తుకున్నంత పనిచేశాడు." నరహరి ఊపిరి పీల్చుకుని కలం తీశాడు. "సార్, నమూనా ఎలా సేకరించామో రాయాలి. ముందు కొడవలితో కోశామని రాశాను, అది కొట్టేశాను. ఇప్పుడేమని రాయమంటారు?"

"గొర్రెను అడిగి గిల్లామని రాయి."