బొల్లి మేక మేసిన గట్టు

ఓబులేసు వేరుశనగ చేను గట్టు మీద రేగు, బలుసు, కలివి పొదలు దట్టంగా అల్లుకుని ఉండేవి. రేగు కొమ్మ మీద పసులపోలిగాడు కాపురం. చీలిన తోక నల్లపిట్ట, మహా నోటి దురుసు. బలుసులో కందిరీగలు గూళ్లు కట్టుకున్నాయి. చేలో ఏ పురుగు దిగినా వీళ్ల కన్నుగప్పడం కష్టం.

అందుకే లద్దెపురుగుల తల్లికి, ఆ బూడిదరంగు రెక్కల దానికి, ఒకటే కడుపుమంట. ఎన్ని గుడ్లు పెట్టినా పిల్లలు దక్కడం లేదు. ఒక సాయంత్రం వచ్చి, ఓబులేసు మందకి పెద్దదైన బొల్లి మేక చెవి దగ్గర వాలింది.

"అక్కా, ఎండుగడ్డి నమిలి నమిలి నీ దవడలు అరిగిపోతున్నాయి. గట్టు మీద చిగుళ్లు చూశావా, ఎంత లేతగా ఉన్నాయో! ఆ పొదల నీడకి పంట ఎదగడం లేదని ఓబులేసు ఒకటే గొణుగుడు. నువ్వు మేస్తే ఆయనకీ మేలే."

తిండి మాట వింటే బొల్లికి ఇంకేదీ వినపడదు. మర్నాడే మందను వెంటేసుకుని గట్టెక్కింది.

"ఏయ్ బొల్లీ! అది మా ఇల్లు!" పోలిగాడు దాని నెత్తి మీద గిరికీలు కొట్టాడు.

"ఊళ్లో కొమ్మలకేం కరువు? ఇంకోటి చూసుకో," అంది బొల్లి నోటినిండా ఆకుతో.

కొన్నాళ్లకి గట్టు మీద మోళ్లు మిగిలాయి. పోలిగాడూ కందిరీగలూ వాగు వైపు వెళ్లిపోయారు. లద్దెపురుగులు చేనంతా పాకి, ఆకుల్ని జల్లెడ చేసేశాయి.

ఓబులేసు తల పట్టుకున్నాడు. "కాయ సంగతి అటుంచు, ఎండాకాలం మేకల మేపుకి ఎండు తీగల కట్టె కూడా మిగిలేలా లేదు. మేకపిల్లల్ని సంతకి తోలెయ్యాలి," అన్నాడు భార్యతో.

ఆ మాట బొల్లి చెవిన పడింది. తన కవల పిల్లలు అప్పుడే గంతులు నేర్చుకుంటున్నాయి. పరుగున పోయి రెక్కల పురుగుని నిలదీసింది.

"నన్నంటావేమక్కా?" అందది తాపీగా. "మేసిన నోరు నీది."

బొల్లి తల దించుకుని వాగు దగ్గరికి పోయింది.

"తిట్టు పోలిగా, పడతాను. కానీ చేనుకి రా."

"వచ్చి ఎక్కడ కూర్చోను? నీ కొమ్ముల మీదా?"

"కూర్చో. గట్టు మీద నిలబడతాను, కదలను."

పోలిగాడికి నవ్వొచ్చింది. కోపం సగం అక్కడే దిగిపోయింది. ఇద్దరూ కూడబలుక్కున్నారు. కందిరీగలకీ కబురు వెళ్లింది.

చేను మూల మేకలు ముట్టని ఆముదం మొక్కలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఆ సాయంత్రం బొల్లి రెక్కల పురుగు దగ్గర నిట్టూర్చింది.

"నువ్వే గెలిచావు చెల్లీ. కానీ వేరుశనగలో ఇంక ఏం మిగిలిందని? నీ మలి కాన్పు పిల్లలు పస్తుంటారేమో. ఆముదం ఆకులు చూడు, విస్తరాకులంత! మా మంద వాటి జోలికి రాదు."

"నీకు ఇప్పటికి బుద్ధొచ్చిందక్కా!" అని అది మురిసిపోయి, గుడ్లన్నీ ఆముదం మీదే పెట్టింది. దాన్ని చూసి, చేలో ఎదిగి రెక్కలొచ్చిన తక్కిన పురుగులూ అక్కడికే చేరి గుడ్లు పెట్టాయి.

పిల్లలు బయటికి రాగానే కందిరీగలు ముసురుకున్నాయి. బొల్లి కొమ్ముల మీంచి పోలిగాడు రివ్వున దూకడం, నోట కరుచుకోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఒకే చోట గుంపుగా దొరికిన లద్దెపురుగుల్లో ఒక్కటీ చేలోకి దిగలేదు. వేరుశనగ కొత్త ఆకు వేసింది. కాయ కొంత తగ్గినా మేపు దక్కింది. మేకపిల్లలు మందలోనే ఉండిపోయాయి.

వానలకి మోళ్లు చిగురించాయి. ఏ మేకైనా అటు మెడ చాస్తే బొల్లి ఒక్క కుమ్ము కుమ్మేది.

మరుసటి పంటకి రెక్కల పురుగు మళ్లీ వచ్చింది. పచ్చబడ్డ గట్టునీ, కొమ్మ కొమ్మకీ కాపున్న పిట్టల్నీ చూసి, వాలడానికి చోటు లేక ఉసూరుమంటూ తిరిగిపోయింది.

చేను చుట్టూ ఉన్నవాళ్లని బతకనిస్తేనే చేను బతుకుతుంది.