రాని కొడుకు విస్తరి

ఆ విస్తరిని చూస్తే చందకుడికి ఒళ్ళు మండిపోయేది.

కృష్ణ ఒడ్డున ఉన్న బౌద్ధ విహారంలో తర్కంలో అతనికి ఎదురు నిలిచినవాడు లేడు. అంతటివాడు రోజూ భిక్షాపాత్ర పట్టుకుని, గురువు వెనకాల, నాగమ్మ గుమ్మం ముందు కాచుకుని నిలబడాలి. ఎందుకయ్యా అంటే, ఆవిడ ముందు కొడుక్కి వడ్డించాలి. ఆ కొడుకు ఓడెక్కి సముద్రం మీదికి పోయి మూడేళ్ళయింది. ఓడా లేదు, వాడూ లేడు. అయినా విస్తరి వేస్తుంది, అన్నం పెడుతుంది, "చల్లారిపోతోంది, రారా" అని వీధివైపు కేకేస్తుంది. కాసేపు చూసి, భిక్షువులకి పెట్టి, ఆ విస్తట్లోది తను తింటుంది.

గురువు భద్రసేనుడు నోరెత్తడు. పైగా తల వంచుకుని నిలబడతాడు! చందకుడి మంటంతా అదే.

గురువుకి జ్వరం వచ్చిన రోజున చందకుడు ఒక్కడే వెళ్ళాడు. ఇన్నాళ్ళూ దిగమింగినదంతా కక్కేశాడు.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా? ఓడ చెక్కలు ఒడ్డుకి కొట్టుకొస్తే ఊరంతా చూసింది. నువ్వూ చూశావు. చెక్కలు వచ్చి మనిషి రాలేదంటే అర్థమేమిటి? నువ్వు అన్నం పెడుతున్నది కొడుక్కి కాదు, నీ ఊహకి."

నాగమ్మ విస్తరి మడిచి తీసేసింది. చందకుడు తల ఎగరేసుకుంటూ విహారానికి వచ్చాడు.

మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. చందకుడు పక్కవీధిలో భిక్ష తీసుకుని వచ్చేశాడు. ఆ తర్వాతా అంతే. చివరికి పొరుగావిడ విహారానికి పరుగెత్తుకొచ్చింది.

"సామీ, నాగమ్మ కూడు మానేసింది. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదు."

భద్రసేనుడికి కోపం రావడం ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆయన ముఖం చూసి చందకుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను అబద్ధం చెప్పానా, గురుదేవా?"

"నిజమే చెప్పావు. చెప్పొచ్చి కడుపునిండా తిని పడుకున్నావు!"

జ్వరంతోనే లేచి శిష్యుణ్ణి చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయాడు. నాగమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భద్రసేనుడు చూరులో దోపిన విస్తరి ఒకటి లాగి, ఆవిడ రోజూ వేసే చోటే వేసి, దాని ముందు చందకుణ్ణి కూలేశాడు.

"అమ్మా, వీడు చెప్పింది నిజం. నీ కొడుకు రాడు. వీడికి ఆకలేస్తోంది."

నాగమ్మ తల తిప్పి చూసింది. ఆ చూపుకి చందకుడు సగం లేచాడు.

"గురుదేవా, మధ్యాహ్నం దాటిపోయింది. ఇప్పుడు భిక్షువు తినకూడదు. మన నియమం..."

"కూర్చో! ఆవిడ నోటికాడ కూడు తీసినప్పుడు ఏ నియమం చూశావురా?"

నాగమ్మ లేచింది. తూలి గోడ పట్టుకుంది. పొయ్యి రాజేసి, కుండ ఎత్తి కుదేసింది. అన్నం ఉడికాక కుండ దించింది.

"నా గుమ్మంలో నిలబడి నా బిడ్డ చచ్చాడని చెబుతావా? నిన్ను కన్నది తల్లి కాదూ?" అంటూ గరిటెతో విస్తట్లో అన్నం కొట్టింది. మూడేళ్ళ ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. "తిను!"

చందకుడు ముద్ద ఎత్తాడు. నోటిదాకా పోలేదు.

"నువ్వు తినకుండా నేను తినలేనమ్మా."

ఆవిడ అతన్ని కోపంగానే చూసింది, చాలాసేపు. తర్వాత చూరులోంచి ఇంకో విస్తరి లాగి, అతని ఎదురుగా వేసుకుని కూర్చుంది.

రెండు ముద్దలు తిన్నాక, తలెత్తకుండానే అంది:

"రేపు వేళకి రా."