ఎలుగులు దేనికోసం కొట్టుకున్నాయి?

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకి ఇవతల గట్టున కొన్ని ఎలుగుబంట్లు, అవతల గట్టున కొన్ని ఎలుగుబంట్లు. అన్నీ ఒక్క తాతకి మనవలే. అయినా ఒకప్పుడు ఒకదాన్నొకటి చీల్చుకుని చచ్చాయి. ఎందుకో చెబుతాను, వినండి.

అవతలి గట్టు ఎలుగులకి ఒక పాడలవాటు ఉండేది. దేవుడు ఒక్కో కాలికి అయిదేసి గోళ్లు ఇచ్చాడు కదా, తవ్వుకుని తినొచ్చు కదా? అబ్బే! వాళ్లకి నామోషీ! దుంపలు తవ్వడానికి ముళ్లపందుల్ని పట్టుకొచ్చి పెట్టుకున్నాయి. ఎదురు తిరిగి పొడుస్తాయేమోనని వాటి వీపు మీది ముళ్లు మొదలంటా పీకేసేవి. ముళ్లపందులు తవ్వాలి, ఎలుగులు తినాలి. వాటికి పిల్లలు పుడితే ఆ పిల్లలూ తవ్వాలి. ఇవతలి గట్టు ఎలుగులు "ఇది అన్యాయం, వదిలిపెట్టండి" అన్నాయి. అవతలివి "వదలం, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాయి. అంతే, పోరు మొదలైంది. ఒక వానాకాలమంతా కొట్టుకున్నాయి. చివరికి అవతలివి ఓడిపోయాయి. ముళ్లపందులు వాగు దాటి ఇవతలికి వచ్చేశాయి.

చూశారా, సంగతి ఇంతే. పాలు తాగే పిల్లకి చెప్పినా అర్థమవుతుంది. మరి ఎలుగులకి ఎందుకు అర్థం కాలేదంటారా? అక్కడికే వస్తున్నాను.

పోరు ముగిశాక రెండు గట్లూ రాజీపడ్డాయి. ఏటా నేరేడు పళ్ల కాలంలో వాగు ఒడ్డున పెద్దబండ దగ్గర అందరూ కలిసి విందు చేసుకోవాలని, పిల్లలకి పోరు కథ చెప్పాలని కట్టుబాటు పెట్టుకున్నాయి. దానికొక నియమం కూడా ఉంది. పోరులో తగిలిన గాయపు మచ్చ చూపించినవాళ్లే బండ ఎక్కి మాట్లాడాలి. మచ్చ లేనివాళ్లు నోరు మూసుకుని నేరేడు పళ్లు తినాలి.

గవరమ్మ అనే ముసలి ముళ్లపంది ఏటా ఆ విందుకి వచ్చి అందరికన్నా వెనక కూర్చునేది. ఆమె వీపు సగం బోడి. చిన్నప్పుడు పీకేసిన ముళ్లు మళ్లీ మొలవలేదు. కానీ అది పోరులో తగిలిన గాయం కాదట! పోరుకి ముందుదట! అందుకని లెక్కలోకి రాదట! విన్నారా ఈ చోద్యం? ఏ గాయం కోసం పోరు జరిగిందో ఆ గాయానికే అక్కడ మాట లేదు.

"పోనీలే, ఏదో ఒకటి చెప్పుకుంటారు. మన పిల్లలు హాయిగా తిరుగుతున్నారు, అదే పదివేలు," అని గవరమ్మ సరిపెట్టుకునేది. ఆమె మనవరాలు సన్నాలుకి అప్పుడప్పుడే వీపు నిండా ముళ్లు వస్తున్నాయి. నడిస్తే గలగలమని చప్పుడు. ఆ చప్పుడు వింటే చాలు, గవరమ్మకి తిండి కూడా అక్కర్లేదు.

ఆ యేడు విందులో ఒక ఎలుగుపిల్ల లేచి, "అసలు పోరు ఎందుకొచ్చింది?" అని అడిగింది.

ముందుగా అవతలి గట్టు పెద్ద జగ్గప్ప బండ ఎక్కాడు. భుజం మీద మచ్చ చూపించాడు. "వాగు నీళ్ల కోసం వచ్చింది నాయనా. నీళ్లన్నీ ఇవతలివాళ్లే తాగేస్తామన్నారు. ఊరుకుంటామా?" అన్నాడు.

గవరమ్మ నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది.

తర్వాత అవతలి గట్టు నుంచే వీరమ్మ అనే ఎలుగు ఎక్కింది. మూతి మీద గాటు చూపించింది. "నీళ్లెక్కడివి? హక్కు కోసం వచ్చింది. మా గట్టు మా ఇష్టం. మా ఇంట్లో మేం ఎలా బతకాలో ఇంకొకరు చెప్పడమేంటి? ఆ పౌరుషం కోసమే మా ఆయన ప్రాణం ఇచ్చాడు," అని కళ్లు ఒత్తుకుంది. పిల్లలు కూడా ముక్కులు ఎగబీల్చారు.

"వాళ్లు అలాగే అంటారు. సింహాద్రి ఉన్నాడుగా, అతను చెబుతాడు," అనుకుంది గవరమ్మ. సింహాద్రి ఇవతలి గట్టు పెద్ద. ఎలుగుబంటికి సింహాద్రి ఏమిటని నవ్వకండి, వాళ్లమ్మ ముచ్చటపడి పెట్టుకుంది. ముళ్లపందుల్ని విడిపించడానికి వెళ్లి ఒక చెవి పోగొట్టుకున్నవాడు అతను.

సింహాద్రి బండ ఎక్కి తెగిన చెవి చూపించాడు. ఒకసారి జగ్గప్ప వంక చూశాడు. మొన్ననే తన చిన్న కూతుర్ని జగ్గప్ప కొడుక్కి ఇచ్చాడు మరి. "ఇద్దరివీ తప్పులున్నాయి. రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు! ఎందుకొచ్చిందో ఎవరు చెప్పగలరు? అదొక పాడుకాలం. మానిన పుండు కెలక్కండి," అన్నాడు.

గవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. జగ్గప్ప అబద్ధం చెప్పినప్పుడు కూడా ఆమెకి అంత కోపం రాలేదు. అన్నీ తెలిసిన సింహాద్రి గుటుక్కున నిజాన్ని మింగేశాడే, అది ఓర్చుకోలేకపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. సందు దొరికితే జగ్గప్ప ఊరుకుంటాడా? మళ్లీ లేచాడు.

"బావగారు బంగారంలాంటి మాట చెప్పారు. పోరుకీ ముళ్లపందులకీ సంబంధం లేదని తేలిపోయింది. ఇంక ఎడం దేనికి? మా గట్టున అవి ఇంటి పిల్లల్లా పెరిగాయి. ఈ వానాకాలం నుంచి వాటి పిల్లల్ని దుంపల పనికి పంపిస్తే చాలు. ముళ్లు గుచ్చుకోకుండా ఏం చెయ్యాలో మేం చూసుకుంటాం," అన్నాడు. అంటూ సన్నాలు వీపు కేసి చూశాడు.

సింహాద్రి తల గోక్కున్నాడు. కాదని మాత్రం అనలేదు.

గవరమ్మ లేచింది. గుంపులోంచి దారి చేసుకుంటూ బండ దగ్గరికి నడిచింది.

"ఏమే గవరమ్మా, ఎక్కడికి? పోరు మచ్చ ఉందా నీకు?" అని గద్దించాడు జగ్గప్ప.

"పోరులో తగిలింది కాదు. పోరుని తెచ్చిపెట్టిన మచ్చ ఇది. చూడు," అంటూ బండ ఎక్కి వెనక్కి తిరిగింది. ఆమె బోడి వీపు ఎండలో అందరికీ కనిపించింది. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. దాని గురించి వాళ్లకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"జగ్గప్పా!" అంది గవరమ్మ. ఎప్పటిలా దొరా అనలేదు. "పోరుకి ముందు మీ నాన్న ఇవతలి గట్టుకి కబురు పంపాడు, గుర్తుందా? ఆ కబురు మోసింది నేనే. వాగు ఈదుకుంటూ వచ్చి ఈ నోటితోనే చెప్పాను. 'మా ముళ్లపందుల జోలికొస్తే మీ పీకలు కొరుకుతాం' అన్నాడు మీ నాన్న. అందులో నీళ్ల మాట ఏదీ?"

జగ్గప్ప తేలు కుట్టిన దొంగలా వెనక్కి జరిగాడు.

"వీరమ్మా! నీ మొగుడు పోయాడు. నీ ఏడుపు నిజం, నేను కాదనను. కానీ హక్కు హక్కు అంటున్నావే, ఏం చేసుకునే హక్కు? ఆ మాట సగంలో ఆపేశావేం? మీ ఇంట్లో మీరెలా బతకాలో అన్నావు. మీ ఇంట్లో మేమెలా బతికామో కూడా చెప్పు పిల్లలకి."

తర్వాత గవరమ్మ ఇవతలి గట్టువాళ్ల వైపు తిరిగింది.

"ఇంక సింహాద్రి బాబూ! నువ్వు మా అమ్మని వీపున వేసుకుని ఈ వాగు దాటించావు. నీ చెవి ఆ రోజే తెగింది. నువ్వు చేసిన మంచిపనికి నువ్వే సాక్ష్యం చెప్పనంటే ఎలా? వియ్యపువాళ్లు నొచ్చుకుంటారనా? వాళ్ల మర్యాద కోసం మా పిల్లల వీపులు గుండు చేయిస్తావా? సిగ్గుగా లేదూ?"

ఎవరూ పళ్లు తినడం లేదు. సింహాద్రి లేచి నిలబడ్డాడు.

"గవరమ్మ చెప్పిందే నిజం. ముళ్లపందుల కోసమే పోరు వచ్చింది. వాటిని కట్టేసుకున్నారు, వదలమన్నాం, వదల్లేదు. బావగారూ, ఆ పిల్లలు మీ గట్టుకి రారు. ఎవరి దుంపలు వాళ్లే తవ్వుకోండి," అన్నాడు.

"ఓహో! అది మీ కథ. మా కథ మాకుంది!" అని జగ్గప్ప తనవాళ్లని వెంటబెట్టుకుని వాగులోకి దిగాడు. వెనకాలే వస్తున్న అతని మనవడు, "తాతా, మరి ఆ రోజుల్లో మనకి దుంపలు ఎవరు తవ్వేవాళ్లు?" అని అడిగాడు.

"నోర్ముయ్! పోరు నీళ్ల కోసమే వచ్చింది," అన్నాడు జగ్గప్ప. ఆ మాట అంటున్నప్పుడు అతను పీకలోతు నీళ్లలో ఉన్నాడు.

సన్నాలు ఇవతలి గట్టునే పెద్దదయింది. వీపు మీద ఒక్క ముల్లు కూడా పోలేదు. ఆ రెండు గట్లూ మాత్రం పోరు దేనికొచ్చిందని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. దూరం నుంచి విన్నవాళ్లు, "అబ్బో, ఎంత చిక్కు ప్రశ్నో!" అనుకుంటారు. చిక్కూ లేదు, ముడీ లేదు. నిజం ఒప్పుకుంటే తమ తాతలు చేసింది తప్పని ఒప్పుకోవాలి. అది చేతకానివాళ్లు ఏటికొక కారణం కనిపెడుతున్నారు.

నీతి: తగవు ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు దెబ్బ తిన్నవాళ్లని అడగాలి. నిజం తెలిసీ మొహమాటానికి నోరు మూసుకున్నవాడు అబద్ధానికి కాపలా కాసినట్టే.