తీగల మీద అరచెయ్యి

రోస్విటా పాడితే ఎవరూ నవ్వడం లేదు. హాస్యపాటలు కట్టుకుని గిటారు మీద పాడే మనిషికి ఇంతకన్నా కష్టం ఇంకేముంటుంది!

జర్మనీలో కాసెల్ ఊళ్లో, నేలమాళిగలో ఉన్న అరవై కుర్చీల చిన్న హాలది. ఈ ఆదివారం మధ్యాహ్నం కూడా జనం బిగుసుకుని కూర్చుంటే ఇక పిలిచేది లేదని హాలు యజమానురాలు మొహం మీదే చెప్పేసింది. ఇది పోతే రోస్విటాని రమ్మనే హాలు ఇంకోటి లేదు.

పోనీ పాట బాగాలేదా అంటే, అదీ కాదు. బంగాళాదుంపల సలాడ్‌లో వెనిగర్ పోయాలా, మయొనేజ్ కలపాలా అని పెళ్లి విందులో వియ్యపురాళ్లిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునే పాట. చరణం చరణానికీ ఓ శ్లేష. గురువు ఎంగెల్‌హార్ట్ అది కాగితం మీద చదివి పడీపడీ నవ్వాడు. నలభై ఏళ్లుగా గిటారుతో జనాన్ని నవ్విస్తున్న ముసలాయన, ఊరికే నవ్వే రకం కాదు.

తెర వెనక ఆయన ముందు గోడు వెళ్లబోసుకుంది.

"గురువుగారూ, నాలో ఏం తక్కువ?"

ఆయన నోరు తెరిచాడు.

"గొంతు బాలేదా? ఇంకా గబగబా పాడాలా?"

ఆయన నోరు మూసుకుని మళ్లీ తెరిచాడు.

"అసలు నా మొహమే అంతేమో!" అని ఏడ్చేసింది పిచ్చిపిల్ల.

ఆయన చేతిరుమాలు అందించాడు. "పద అమ్మాయ్. ఇవాళ నీ పక్కన నేనూ కూర్చుంటా."

మొదటి చరణం అయింది. శ్లేష పడీ పడగానే, ఎవరూ నవ్వకపోతే ఆ నిశ్శబ్దాన్ని ఎలా భరించాలోనన్న భయంతో, ఎప్పట్లాగే రోస్విటా తీగలు టకటకా మీటేసి తర్వాతి చరణానికి పరిగెత్తింది. ముందు వరసలో ఒకావిడ నవ్వబోయి, పాట ఎక్కడ వినిపించకుండా పోతుందోనని పెదాలు బిగించుకుంది.

రెండో చరణం. శ్లేష పడింది. రోస్విటా చెయ్యి కదిలేలోపే గురువు పక్కనుంచి చెయ్యి చాచి, తన అరచేతిని ఆమె గిటారు తీగల మీద ఆనించాడు.

చప్పుడు ఆగిపోయింది. ఇక నా పని అయిపోయింది అనుకుంది రోస్విటా.

ఒక క్షణం. రెండు. ముందు వరస ఆవిడ కిసుక్కుమంది. ఆ పక్కాయన అందుకున్నాడు. ఇక చూడాలి, హాలంతా ఒకటే నవ్వు! తలుపు దగ్గర నిలబడ్డ యజమానురాలు కళ్లు తుడుచుకుంటోంది.

రోస్విటా బిత్తరపోయి గురువు వైపు చూసింది.

"కంగారెందుకు?" అన్నాడాయన ఆమె చెవి దగ్గర. "వాళ్లనీ పాడనీ."

మూడో చరణంలో ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. తీగల మీద ఆనింది రోస్విటా అరచెయ్యే.