మేడ మీది డ్రమ్ము

మా గురువుగారి శిష్యుల్లో వంటలో నన్ను మించినవాడు లేడు. నేను తప్ప ఇంకో శిష్యుడే లేడనుకోండి, అది వేరే సంగతి.

గురువుగారు శరభయ్యగారికి ఒక అలవాటుంది. ఏదడిగినా జవాబు చెప్పరు, చేతికేదో పని అప్పజెబుతారు. కాకినాడ శివార్లలో మేముండే అపార్టుమెంటు మేడ మీద, తడిచెత్త ఎరువయ్యేందుకు నేనే పోరుపెట్టి ఒక పెద్ద డ్రమ్ము పెట్టించాను. అంతకుముందు ఆ చెత్తంతా పక్క ఖాళీ స్థలంలోకి ఎగిరిపడేది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత కంపు మొదలైంది. సెక్రటరీ పుష్పరాజ్యంగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే తీర్పు చెప్పేశారు.

"ఆదివారం దాకా చూస్తానబ్బాయ్. కంపు పోయిందా, సరే. లేదా, డ్రమ్మే పోతుంది. మన ఖాళీ స్థలం ఎక్కడికీ పోలేదు."

నా పరువంతా ఆ డ్రమ్ములోనే ఉంది. గురువుగారి దగ్గరికి పరిగెత్తాను.

"తొక్కలూ తొడిమలూ తప్ప పులుసులూ చారులూ పొయ్యొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పానండీ. అయినా ఎవరో పోస్తున్నారు. ఆ దొంగని పట్టుకునేదెలా?"

ఆయన కాసేపు పొట్ట నిమురుకున్నారు. "నాకు ఒంట్లో బాగాలేదు. ఆదివారం దాకా ఇద్దరికీ పెరుగన్నం చాలు. నువ్వెళ్ళి డ్రమ్ములో ఎండుటాకులు కలుపు" అన్నారు.

నేనడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి! అయినా పులుసుకని తెచ్చిన గోంగూర కట్ట పక్కన పెట్టి, రోజూ ఆకులు వేసి కలియబెట్టాను.

ఆదివారం పుష్పరాజ్యంగారు మూత తీయించి, కొంగు అడ్డం పెట్టుకునే వంగారు. కాసేపటికి కొంగు దించారు. తొలకరికి తడిసిన మట్టి వాసన. "ఉండనీ" అన్నారు. పోతూపోతూ వెనక్కి తిరిగి, "మా కరివేపాకు మొక్కకి రెండు దోసిళ్ళు పంపించు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మెట్లు దిగుతూ అడిగాను. "ఇంతకీ ఆ దొంగ ఎవరండీ?"

గురువుగారు ఆగారు. "నేనే. నీ గోంగూర పులుసు తినలేక, ఆ మాట నీ మొహం మీద అనలేక, రోజూ పైకి తెచ్చి పోశాను. కానీ నేను పోసింది చిన్న గిన్నెడే నాయనా. గిన్నెడు పులుసుకి అంత కంపా?" అని నా కళ్ళలోకి చూశారు.

నేను గోడ వైపు చూశాను.

"నాదీ గిన్నెడేనండీ" అన్నాను.